ఏట్లో పోసినా ఎంచి పోయాలి

మే నెల రెండో వారంలో ఒక ఉదయం, కొట్టు తెరిచిన పావుగంటకే వెళ్ళి నాన్నను రెండు కిలోల ఉప్పు అడిగాను.

“ఇంట్లో అయిపోయిందా?” అన్నారు.

“ఇంటికి కాదు నాన్నా. గెడ్డలో పోయడానికి.”

నాన్న త్రాసు మీది చెయ్యి తీయలేదు. కళ్ళద్దాల పైనుంచి ఒకసారి నన్ను చూసి, “ఏట్లో పోసినా ఎంచి పోయాలంటారు. సరిగ్గా తూచే ఇస్తాను. పద్దు మాత్రం నీ పేరు మీదే రాస్తాను” అన్నారు. అన్నట్టే రాశారు.

మాది ఒడిశాలోని రాయగడ. మా తాత పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడి సంతల్లో ఉప్పు అమ్మి, కొండల మీంచి దిగిన చింతపండు కొనేవాడు. నాన్న కాలానికి అది కిరాణా కొట్టయింది. బోర్డు మీద పేరు పైన ఒడియాలో, కింద తెలుగులో ఉంటుంది. కొట్లో ఒక గంట కూర్చుంటే తెలుగు, ఒడియా, ఇక్కడి కోందులు మాట్లాడే కువి, మూడూ వినిపిస్తాయి. నేను బడిలో ఒడియాలో చదివాను, ఇంట్లో నాన్నమ్మ దగ్గర తెలుగు అక్షరాలు దిద్దాను. చలికాలంలో కూడా మంచుగడ్డ కనపడని ఊరు మాది. అక్కడి నుంచి హిమానీనదాల మీద పరిశోధనకు వెళ్ళానంటే, “ఐసు ఫ్యాక్టరీలో ఉద్యోగమా అమ్మా?” అని మా పెద్దత్త ఇప్పటికీ అడుగుతుంది. విసుగు తెచ్చుకోవడం మానేశాను. చెప్పాలంటే అది మరీ తప్పు ప్రశ్న కూడా కాదు.

హిమానీనదం మీద ఎండకు కరిగిన నీరు ఏ దారిన లోపలికి దిగి, ఎంత సేపు అక్కడ తిరిగి, ఎప్పుడు కింద ఏరై బయటపడుతుందో తెలుసుకోవడం నా పని. వందల అడుగుల మంచు కింద ఏం జరుగుతోందో చూడటానికి కిటికీ లేదు. అందుకని పైన ఒకచోట ఏదైనా కలిపి, కింద అది ఎప్పుడు వచ్చిందో, ఎంత వచ్చిందో లెక్కపెడతాం. కలిపేది ఒకచోట ఉప్పు, ఒకచోట రంగు. కొండ మీదికి వెళ్ళే ముందు ఇంటి దగ్గరే ఏదో ఒక వాగులో చెయ్యి తిప్పుకొని రమ్మని మా గైడు మేడం చెప్పారు. ఆ రెండు కిలోలు అందుకే.

కల్లుప్పు తీసుకోబోతే నాన్న వద్దన్నారు. “కల్లుప్పు తేమ పీలుస్తుంది. కిలో అని తూచినా అందులో నీళ్ళెన్నో నీకు తెలియదు. పైగా తొందరగా కరగదు. మెత్తని ఉప్పు పట్టుకెళ్ళు.” ఆ మాట నాకు మా పాఠ్యపుస్తకంలో దొరకలేదు.

ఊరికి ఎగువన నాగావళిలో కలిసే ఒక చిన్న గెడ్డను ఎంచుకున్నాను. మే నెలలో నాగావళే రాళ్ళ మధ్య వెతుక్కోవలసినట్టు ఉంటుంది, ఇక గెడ్డ సంగతి చెప్పక్కర్లేదు. లెక్క చాలా సులువు. తెలిసినంత ఉప్పును ఒక బకెట్టు నీళ్ళలో పూర్తిగా కరిగించి, ఒక్కసారిగా ఏట్లో గుమ్మరించాలి. కొంత దిగువన మీటరు ముంచి, ఐదేసి సెకన్లకు ఒకసారి నీటి విద్యుద్వాహకత, అంటే నీరు కరెంటును ఎంత సులువుగా పోనిస్తుందో, రాసుకోవాలి. ఉప్పు వస్తుంటే అంకె పెరుగుతుంది, శిఖరానికి చేరి మళ్ళీ మామూలుకు దిగుతుంది. పోసిన ఉప్పంతా మీటరు ముందు నుంచి పోవలసిందే కదా. ప్రవాహం తక్కువైతే చిక్కగా పోతుంది, ఎక్కువైతే పలచగా పోతుంది. ఎంత పలచబడిందో చూస్తే ఎంత నీరు పారుతోందో తెలిసిపోతుంది. పిండిలో నీళ్ళెక్కువయ్యాయని జారుని చూసి చెప్పే నాన్నమ్మ కూడా ఈ లెక్కే వేస్తుంది.

మొదటి కిలో వృథా అయింది. నేను ఉప్పు పోసినచోట గుంట ఉంది. ఉప్పునీరు బరువు కదా, అడుగుకు దిగి గుంటలోనే కూర్చుంది. మీటరు అంకె కొద్దిగా పైకి లేచి, ఎంతకీ కిందికి దిగలేదు. ఒడ్డున గేదెలు కాస్తున్న పిల్లలు ముగ్గురు నా వెనక చేరి, ఆ అంకెలు గట్టిగా ఒడియాలో చదవడం మొదలుపెట్టారు. రెండో కిలో రాళ్ళ మీద నీరు గలగలమని దూకేచోట పోసి, అరవై మీటర్లు కిందికి వెళ్ళి నిలబడ్డాను. ఈసారి 190 దగ్గరున్న అంకె 250 దాకా ఎక్కి, నాలుగు నిమిషాల్లో దిగింది. లెక్క వేస్తే సెకనుకు సుమారు 300 లీటర్లు. ఎండుటాకు వదిలి వేగం చూసి, లోతూ వెడల్పూ కొలిచి లెక్కిస్తే 340 వచ్చింది. ఆకు పైన పరుగెత్తుతుంది, అడుగునీరు రాళ్ళను రాసుకుంటూ నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి ఆకు ఎప్పుడూ కాస్త ఎక్కువే చెబుతుంది. ఉప్పు మాటే నమ్మాను.

జూన్ చివర సమతా ఎక్స్‌ప్రెస్సులో ఢిల్లీకి, అక్కడి నుంచి బస్సులో మనాలికి వెళ్ళాను. మనాలి దాటి చంద్రా లోయలోకి. చంద్రా, భాగా రెండూ తాండీ దగ్గర కలిసి చంద్రభాగ అవుతాయి, అదే కిందికి పోయి చీనాబ్. ఆ లోయలో ఛోటా షిగ్రీ అనే హిమానీనదం మీద 2002 నుంచి ఏటేటా కొలతలు తీస్తున్నారు, మన దేశంలో ఇంతకాలం ఆగకుండా సాగిన కొలతలు అరుదు. నేను పని చేసింది అది కాదు, అదే లోయలో దానికంటే చిన్నది. మా వ్యాసం ఇంకా అచ్చు కాలేదు కాబట్టి పేరు రాయడం లేదు. శిబిరం సుమారు 3,900 మీటర్ల ఎత్తులో. మా మహేంద్రగిరి 1,501 మీటర్లు. చిన్నప్పుడు దాన్ని చూసి ఇంతకంటే ఎత్తు ఉండదనుకున్నాను. మొదటి మూడు రోజులు తలనొప్పితో గుడారంలో పడుకోవడమే నా పరిశోధన, దాని గురించి చెప్పుకోవలసింది ఏమీ లేదు.

నాలుగో రోజు హిమానీనదం మూతి దగ్గరికి వెళ్ళి, అక్కడ బయటపడే ఏట్లో మీటరు ముంచాను. 30. పాడైందేమో అనుకొని బ్యాటరీ మార్చాను. మళ్ళీ 30. మా గెడ్డ నీళ్ళు మట్టిలో, రాళ్ళలో నెలల తరబడి ఇంకి, లవణాలు కరిగించుకొని వస్తాయి. ఇక్కడి నీరు నిన్నటిదాకా మంచు, రాయిని తాకి గంటలే అయింది. అందులో కరిగి ఉండటానికి ఏముంటుంది? తరవాత తరవాత ఆ అంకె చూసి నీటి వయసు చెప్పడం కొంత అలవాటైంది. తెల్లవారుజామున ప్రవాహం సన్నగా ఉన్నప్పుడు అంకె పెరుగుతుంది: రాతితో ఎక్కువ సేపు గడిపిన నీరు అప్పుడు వస్తోందన్నమాట. సాయంత్రం ఏరు పొంగినప్పుడు తగ్గుతుంది, ఆ రోజు కరిగిన కొత్త నీరు తోసుకొస్తుంది కాబట్టి. ఇంకో చిక్కు, ఆ నీటి వేడి సున్నాకు పైన అర డిగ్రీ కూడా ఉండదు. డిగ్రీకి సుమారు రెండు శాతం చొప్పున వాహకత మారుతుంది కాబట్టి అన్నింటినీ 25 డిగ్రీలకు సరిచేసి రాయాలి. వేళ్ళు కొంకర్లు పోయి పెన్సిలు పట్టుకోవడమే కష్టమైన చోట 25 డిగ్రీలని రాయడం కొంచెం ఎగతాళిగానే అనిపించేది.

నీటి రంగు కూడా నేను ఊహించినట్టు లేదు. గాజులా ఉంటుందనుకున్నాను. బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. హిమానీనదం తన బరువుతో అడుగున ఉన్న బండను నూరుకుంటూ కదులుతుంది, ఆ నూరిన రాతిపిండి నీటిలో తేలుతూ వస్తుంది. ఆ పిండే తరవాత నా లెక్కను తినేసింది.

అన్నిటికంటే వింతగా తోచింది ఏటి స్వభావం. మా నాగావళికి వాన వస్తే పొంగు, ఎండ కాస్తే తగ్గు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి చూసింది అదే. ఇక్కడ ఎండ కాస్తే వరద. మబ్బు పట్టి మంచు రాలితే ఏరు ముడుచుకుపోతుంది. మధ్యాహ్నం పైన కరిగినది సాయంత్రానికి మూతి దగ్గరికి చేరుతుంది. ఉదయం మోకాలి లోతులో దాటిన చోట సాయంత్రం అయిదింటికి నడుము లోతు. మా శిబిరంలో వంట చేసే నేపాలీ భయ్యా ఆకాశం వైపు చూసి, “దీదీ, ఈ రోజు ఎండ బాగుంది, మూడు లోపు వచ్చేయండి” అని చెప్పేవాడు. మొదట్లో నాకు ఆ వాక్యం అర్థమయ్యేది కాదు.

హిమానీనదం పైన కరిగిన నీరు చిన్న చిన్న కాలువలై పారుతుంది. స్వచ్ఛమైన నీలి మంచులో కోసుకున్న కాలువలు, చూడటానికి ఎంతో బాగుంటాయి. ఒక చోట అలాంటి కాలువ ఉన్నట్టుండి గుండ్రని బావిలోకి సుడి తిరుగుతూ దూకి మాయమైపోతుంది. దాన్ని మూలాన్ అంటారు, ఫ్రెంచిలో పిండిమర అని అర్థమట, ఆ చప్పుడును బట్టి. నాకు మా నాన్నమ్మ తిరగలి గుర్తొచ్చింది. అంచుకు పది అడుగుల దూరంలో, నడుముకు తాడు కట్టుకొని నిలబడితే అడుగు నుంచి ఒక గరగర వినిపిస్తుంది. స్విట్జర్లాండులో లూయీ అగాసీ అనే శాస్త్రవేత్త 1841లో ఇలాంటి బావిలోకి తాడు పట్టుకొని దిగాడు. కాళ్ళు మంచునీళ్ళలో మునిగాక కేకలు పెడితే పైవాళ్ళు ముందు సరిగా అర్థం చేసుకోలేదట. మా దగ్గర రంగు ఉంది కాబట్టి మాకు ఆ అవస్థ లేదు.

మంచు నీటి కంటే తేలిక: ఘనమీటరు మంచు 917 కిలోలు, నీరు 1,000. ఈ కొద్ది తేడా చాలు. మంచులో పడిన చీలిక నిండుగా నీటితో ఉంటే, నీటి బరువు చీలిక కొసను ఇంకా ఇంకా కిందికి చీల్చుకుంటూ పోతుంది. అలా పై నీరు అడుగున బండ దాకా దిగుతుంది. దిగాక రెండు రకాలుగా నడవవచ్చు. ఒకటి, బండకూ మంచుకూ మధ్య ఉన్న చిన్న చిన్న ఖాళీల్లోంచి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పాకుతూ, నెమ్మదిగా. రెండోది, మంచులో తొలుచుకున్న సొరంగాల్లోంచి, కాలువలా వేగంగా. మజ్జిగౌరమ్మ గుడి దగ్గర చైత్ర ఉత్సవానికి జనం ఒక్కసారి లేచినప్పుడు చూడండి: ముందు సందుల్లో ఇరుక్కొని, ఎవరి దారి వాళ్ళు వెతుక్కుంటారు. కాసేపటికి ఒకటి రెండు సందులు ఒరిపిడికి దారులైపోతాయి, మిగతావన్నీ వాటిలోకి వచ్చి చేరతాయి.

సొరంగం పెరగడానికి కారణం నీరే. పారే నీటి ఒరిపిడికి పుట్టే వేడి గోడలను కరిగిస్తుంది. మూసుకుపోవడానికి కారణం మంచు బరువు. మంచు రాయి కాదు, చిక్కటి బెల్లం పాకం లాంటిది. వేలితో గీసిన గాడి పాకంలో మెల్లగా పూడుకున్నట్టు, నీరు తగ్గితే సొరంగం కూడా మెల్లగా పూడుకుంటుంది. చలికాలమంతా పూడుకొని, వేసవిలో మళ్ళీ తొలుచుకుంటుంది. 1972లో రాత్లిస్బెర్గర్ అనే స్విస్ శాస్త్రవేత్త ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని లెక్కలోకి తెచ్చాడు. ఆయన పేరుతోనే ఆ సొరంగాలను పిలుస్తున్నారు.

వేసవి మొదట్లో సొరంగాలు ఇంకా లేనప్పుడు నీరు ఒక్కసారిగా వచ్చి పడితే, పోవడానికి దారి లేక అడుగున ఒత్తిడి పెరిగి హిమానీనదాన్నే కొంచెం పైకి ఎత్తుతుంది. అప్పుడది బండ మీద జారుతుంది. దారులు ఏర్పడ్డాక ఒత్తిడి తగ్గి మళ్ళీ కూర్చుంటుంది. నీరు ఎక్కువైతే జారుడు ఎక్కువని మనకు తోస్తుంది, కానీ దారి దొరికిన నీరు ఎంతున్నా అంత హాని చేయదు. దారి దొరకని కొద్ది నీరే పని చేస్తుంది.

రంగు పోయడం కొత్త విద్య కాదు. జర్మనీలో డాన్యూబ్ ఎగువన ఒకచోట నది నీరు నేలలోకి ఇంకిపోతుంది. ఎక్కడికి పోతోందో తేల్చడానికి 1877లో క్నోప్ అనే ఆయన అక్కడ 10 కిలోల ఫ్లోరెసీన్ అనే రంగు పోశాడు. రెండున్నర రోజులకు, 12 కిలోమీటర్ల అవతల ఆఖ్ ఊట పచ్చగా మెరిసింది. ఆ ప్రయోగాల్లోనే 20 టన్నుల ఉప్పు కూడా పోశారు. ఈ సంగతి ఫోనులో చెబితే నాన్న చాలా సేపు మాట్లాడలేదు. తరవాత, “ఎవరి పద్దులో రాశారో!” అన్నారు.

మేము వాడింది రోడమైన్. ముదురు ఎరుపు. చుక్క అంటితే చాలు, వారం దాకా పారాణి పెట్టుకున్నట్టు ఉంటుంది. వంద మిల్లీలీటర్ల సీసాడు చాలు, మూతి దగ్గర ఏట్లో కంటికి రంగు కనబడదు కానీ, రంగు మెరుపును కొలిచే ఫ్లోరోమీటరు పట్టేస్తుంది. వంద కోట్ల పాళ్ళ నీటిలో ఒక పాలు రంగున్నా దానికి తెలుస్తుంది. అందుకే ఒక నియమం: రంగు ముట్టుకున్న మనిషి కింద నమూనాలు తీసే చోటికి ఆ రోజు రాకూడదు. మడి లాంటిది. నాన్నమ్మ మడి గురించి చిన్నప్పుడు ఎంత నవ్వానో, అంతకంతా అక్కడ అనుభవించాను.

ఎలాగంటే, మొదటి ప్రయోగం రోజు కింద కాపలా నాది. ఉదయం పదకొండుకు పైన బావిలో రంగు పోశామని వాకీటాకీలో చెప్పారు. పది నిమిషాలకు నా మీటరు మీద శిఖరం! బావికీ మూతికీ దూరం 1,800 మీటర్లు. పది నిమిషాల్లో వచ్చిందంటే సెకనుకు మూడు మీటర్లు. నేను గొప్ప ఆవిష్కరణ చేశానని అరగంట సేపు నమ్మాను. తీరా చూస్తే, ముందు రోజు సాయంత్రం సీసాలు సర్దినప్పుడు వేసుకున్న చేతి తొడుగే ఈ రోజూ వేసుకున్నాను. నమూనా గొట్టాన్ని దానితోనే పట్టుకున్నాను. ఏరు కాదు, నా తొడుగు పలికింది. తొడుగు తీసేసి, గొట్టాలన్నీ కడిగి మళ్ళీ కూర్చున్నాను. అసలు రంగు మధ్యాహ్నం ఒకటీ నలభైకి వచ్చింది, అంటే రెండు గంటల నలభై నిమిషాలకు. సెకనుకు 19 సెంటీమీటర్ల నడక. గీత కూడా ఒక శిఖరంలా లేదు: ఒక మూపురం, కాస్త దిగి ఇంకో మూపురం, తరవాత సాగి సాగి ఎంతకీ అడుగుకు దిగని తోక. జూలై మొదటి వారం కదా, లోపల నీరు ఇంకా సందుల్లోనే తడుముకుంటోంది.

ఆగస్టు చివర అదే బావిలో, అంతే రంగు పోశాం. యాభై నిమిషాలకు వచ్చింది. సెకనుకు 60 సెంటీమీటర్లు. ఒకే శిఖరం, సూదిలా, పావుగంటలో సగం ఎత్తుకు దిగింది. ఎనిమిది వారాల్లో మంచు కింద ఒక కాలువ తయారైంది. దాన్ని మేమెవరం చూడలేదు, చూడబోము కూడా, కానీ ఆ రెండు గీతలను పక్కపక్కన పెట్టి చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ రెండు ప్రయోగాల మధ్య జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఏరు బయటపడే చోట హిమానీనదం మూతి గుహలా ఉంటుంది. పైకప్పు మంచు. ఆగస్టు పదో తేదీ ప్రాంతంలో, తెల్లవారుజామున తుపాకీ పేలినట్టు చప్పుడైంది. వెళ్ళి చూస్తే గుహ కప్పు కూలిపోయింది. లారీలంత మంచు పెళ్ళలు ఏట్లో అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. మా మీటరు ఒకటి వాటి కింద ఎక్కడో ఉంది, ఇప్పటికీ. పలచబడుతున్న హిమానీనదాలకు ఇది మామూలే. మంచు మందంగా ఉన్నంత కాలం సొరంగం పూడుకుంటూ ఉంటుంది. మందం తగ్గితే పూడ్చడానికి బరువు చాలదు, కాలువ ఏడాదికేడాది తెరుచుకొనే ఉండి, పైకప్పు పెచ్చులై రాలిపోతుంది. హిమానీనదం ఎండకు పైనుంచి మాత్రమే కరుగుతుందని అంతవరకూ నా మనసులో బొమ్మ. ఆ రోజు మారింది.

దారి పక్కన బండల మీద పాత బృందాలు రంగుతో రాసిన సంవత్సరాలు ఉన్నాయి, మూతి అప్పుడు అక్కడిదాకా ఉండేదని గుర్తు. శిబిరం నుంచి పనికి రోజూ వాటి పక్క నుంచే నడిచేవాళ్ళం. మొదటి వారం ఫొటోలు తీసుకున్నాం. తరవాత ఎవరూ వాటి వైపు చూడలేదు, ‘ఆ రాయి దగ్గర కూర్చుందాం’ అనుకోవడానికి పనికొచ్చాయి. హిందూకుష్ హిమాలయాల్లో హిమానీనదాలు అంతకు ముందు దశాబ్దం కంటే 2011–2020 మధ్య 65 శాతం వేగంగా కరిగాయని ఖాట్మండులోని ఇసిమోడ్ సంస్థ 2023లో చెప్పింది. ఆ అంకె నేను చాలా చోట్ల రాశాను. రాస్తున్నప్పుడు ఏమీ అనిపించదు. గుహ కప్పు ముందు నిలబడితే అనిపించింది.

మా కొలతల్లో నాకు ఎక్కువ దిగులు పుట్టించింది ఇంకొకటి. హిమానీనదం పై భాగంలో ఏళ్ళ తరబడి పేరుకొని, ఇంకా పూర్తిగా గడ్డకట్టని పాతమంచు ఉంటుంది. అది గోనెపట్టా లాంటిది. కరిగిన నీటిని పీల్చుకొని, మెల్లమెల్లగా వదులుతుంది. అది తరిగిపోయి ఉత్త మంచుగడ్డ బయటపడితే, నీరు రేకుల కప్పు మీద వానలా ఎప్పటిదప్పుడు జారిపోతుంది. కింద ఏటికి మధ్యాహ్నం వరద, రాత్రి ఎండు. ఏడాది మొత్తానికి లెక్క వేస్తే నీరు తగ్గకపోవచ్చు, కొన్నేళ్ళు పెరగవచ్చు కూడా. కానీ కింద పొలంలో బఠాణీ వేసుకున్న మనిషికి కావలసింది ఏడాది మొత్తం కాదు, ఆ పూటకు కాలువలో నీళ్ళు.

డిసెంబరులో ఇంటికి వచ్చి, కొట్టు మీది గదిలో లెక్కలు ముందేసుకున్నాను. గదినిండా చింతపండు వాసన. ఒక రాత్రి కొట్టు మూశాక నాన్న పైకి వచ్చి, కంప్యూటర్ మీద గీత ఏమిటని అడిగారు. జూలై ప్రయోగం. ఉప్పు గురించి చెప్పినట్టే రంగు గురించీ చెప్పాను. పోసింది ఇంత, మూతి దగ్గర లెక్కకు వచ్చింది ఇంత: 61 శాతం.

“మిగతాది?”

“అంతే నాన్నా. పూర్తిగా ఎవరికీ రాదు. కొంత రాతిపిండికి అంటుకుంటుంది, కొంత లోపల గుంటల్లో ఉండిపోతుంది. కొంత మీటరు పట్టుకోలేనంత పలచబడుతుంది. నష్టం కింద రాస్తాం.”

నాన్న కుర్చీ లాక్కొని కూర్చున్నారు. “మొండి బాకీ అని రాసేయడం అన్నిటికంటే తేలిక తల్లీ. మా నాన్న ఎప్పుడూ అలా రాయనిచ్చేవాడు కాదు. వసూలు కాకపోతే కాకపోనీ, ఎవరి దగ్గర ఉందో రాయి అనేవాడు. పదిమంది దగ్గర ఉంటే పది పేర్లు.”

నాకు కొంచెం కోపం వచ్చింది. ఆరు నెలలు చలిలో పడ్డ పాటును ఆయన కిరాణా లెక్కకు దించేశారనిపించింది. కానీ ఆ రాత్రే నమూనాల జాబితా మళ్ళీ తీశాను. జూలై ప్రయోగం రోజు సాయంత్రం ఏడింటికి నేను చేతి కొలతలు ఆపేశాను, గీత ఇక అడుగుకు దిగినట్టేనని. ఏరు పక్కన పెట్టిన యంత్రం మాత్రం మర్నాటి రాత్రి దాకా గంటకో సీసా నింపింది. ఆ సీసాలను తరవాత ప్రయోగశాలలో కొలిచారు కానీ, అంకెలు చిన్నవని నేను వాటిని గీతలో కలపలేదు. ఇప్పుడు కలిపాను. రాత్రంతా దాదాపు సున్నా. మర్నాడు సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా, ఏరు మళ్ళీ పొంగిన వేళకు, చిన్న మిట్ట. మొదటిరోజు గుంటల్లోకి చేరి ఉండిపోయిన రంగును రెండో రోజు నీటి ఒత్తిడి కదిపి బయటికి తోసింది. 61 కాస్తా 66 అయింది. ఐదు శాతం పెద్ద వసూలు కాదు. కానీ ఆ నీరు మంచు కింద ఒక రాత్రి బస చేసిందని దానితో తెలిసింది. నేను వ్యాసంలో రాయబోతున్న ముఖ్యమైన మాట ఇప్పుడు అదే. రాతిపిండికి ఎంత అంటుకుందో తేల్చడానికి, తెచ్చుకున్న పిండిని తెలిసినంత రంగులో కలిపి ఇంకో పరీక్ష చేశాం. అక్కడ ఇంకొంత పేరు దొరికింది. మిగతా వాటాకు ఇంకా పేర్లు లేవు.

మళ్ళీ మే వచ్చింది. ఈసారి ఐదు కిలోలు కావాలి, ఒక్క గెడ్డలో కాదు, మూడు చోట్ల సరిచూసుకోవాలి. కొట్టుకు వెళ్ళి చెప్పాను. నాన్న పాత ఖాతా పుస్తకం తీసి, ఉమ్మి తడి చేసిన వేలితో పేజీలు తిప్పి, నా పేరు దగ్గర ఆగారు. ‘ఉప్పు 2 కి., గెడ్డ’ అని ఉంది, ఎదురుగా జమ గడి ఖాళీ.

“ముందు పాతది తేలాలి. మొదటి కిలో గుంటలోనే ఉండిపోయిందన్నావు. వానలకు కొట్టుకుపోయిందా, లేదా చూశావా?”

చూడలేదన్నాను. పెన్సిలుతో ఆ గడిలో చిన్న గుర్తు పెట్టి, కింద కొత్త గీత గీసి, ఐదు కిలోలు తూచారు.